సలోమమ్మ గారి ఎనిమిది అడుగులు

మొన్న బి.కొత్తకోటలో సగం లేచిన ఒక కట్టడంలో నిలబడి ఉండగా మేస్త్రీ స్టీలు టేపు కొసను వదిలేశాడు. పచ్చి సిమెంటు వాసనలో, కప్పు పడని గోడల మధ్య, ఆ రేకు సర్రుమని వెనక్కి పరుగెత్తి డబ్బీలోకి టక్కున దూరింది. నా పనిలో రోజూ వినే చప్పుడే అది. అయినా ఖాళీ గోడల మధ్య వినబడినప్పుడు మాత్రం నాకు సలోమమ్మ గారు గుర్తొస్తారు. ఆమెకు టేపు మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. "అది గోడ కాడినుంచి గోడ కాడికి పోతాది చలపతప్పా, మధ్యలో మనుషుల్ని పలకరించకుండా పోతాది" అనేవారు. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వేవారు కాదు. నిజంగానే అది టేపు చేసే మర్యాద తక్కువ పని అన్నట్టు ముఖం పెట్టేవారు.

నేను ఇంజనీరును కాను. తంబళ్లపల్లె దగ్గరి ఒక పల్లెలో పుట్టి, పదో తరగతితో బడి మానేసి, వేరుశనగ వ్యాపారి దగ్గర తూకాలు రాస్తూ లెక్క మీద ఇష్టం పెంచుకున్నవాణ్ణి. తర్వాత మదనపల్లెలో రెడ్డప్ప అనే కాంట్రాక్టరు దగ్గర చేరాను. ఇన్ని అడుగుల గోడకు ఎన్ని ఇటుకలు పడతాయి, ఇంత శ్లాబుకు ఎంత కంకర, ఎంత కమ్మి కావాలి అనే లెక్కలు నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పని జరిగే చోట నిలబడి, అడిగి, వేసిన లెక్కను కట్టిన గోడతో పోల్చుకుని నేర్చుకున్నాను. నా లెక్కలో ప్రతి వస్తువుకూ ఒక పరిమాణం ఉండేది, పరిమాణానికి ఒక రేటు ఉండేది. అంతటితో ప్రపంచం సరిపోయేది. ఆ ప్రపంచంలోకి పుంగనూరు ఆసుపత్రి వచ్చింది. దానితో పాటు ఆమె వచ్చారు.

పుంగనూరులో కొందరు వర్తకులు కలిసి ఒక ట్రస్టు పెట్టి చిన్న ఆసుపత్రి కట్టించాలనుకున్నారు. వాళ్ళకు అంగళ్ళు కట్టడం తెలుసు, కల్యాణ మండపాలు కట్టడం తెలుసు. ఆసుపత్రి తెలియదు. అందుకని మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైన సలోమమ్మ గారిని పని చూసుకొమ్మని అడిగారు. పొట్టి మనిషి. తెల్లని నేత చీర, పైకి ఎత్తి కట్టిన జడ, మగవాళ్ళు వేసుకునే తోలు చెప్పులు. రిటైరయ్యాక కూడా నడక వార్డులో నడకే. పక్కన నడిచేవాళ్ళు అప్పుడప్పుడు పరుగెత్తాల్సి వచ్చేది. పని ఒప్పుకున్న రోజే ట్రస్టు వాళ్ళతో, "నేను అడిగినదానికి కాదనేటట్టయితే ఇప్పుడే చెప్పండి, నేను పోయి బైబిలు చదువుకుంటా" అన్నారట. ఎవరూ కాదనలేదు. ఆమె ఏమి అడుగుతారో అప్పటికి వాళ్ళకు తెలియదు.

మొదటిసారి నేను ప్లాను కాగితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో చాప పరిచి, కాగితం నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి కూర్చున్నాం. నేను గదుల కొలతలు, గోడల మందం చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"గదులు ఉండనీ అప్పా. కారిడార్ ఎంత?"

"ఎనిమిది అడుగులమ్మా. బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆసుపత్రికి రెండు పాయింట్ నాలుగు మీటర్లు ఉండాల. మనది దానికన్నా అంగుళంన్నర జాస్తే" అన్నాను కొంచెం గర్వంగా.

"యాడ నుంచి యాడికి ఎనిమిది?"

"ఇటుక నుంచి ఇటుకకు."

"పేషెంటు వచ్చే పొద్దుకు గోడలు ఇటుకలతోనే ఉంటాయా?"

నేను పూత తీసేశాను. రెండు వైపులా కలిపి అంగుళంన్నర పోయింది. మా జాస్తి అక్కడే కరిగిపోయింది. "భుజాల ఎత్తు దాకా టైల్సు అంటిస్తారు కదా?" అన్నారు. అంటించే సిమెంటుతో సహా రెండంగుళాలు తీసేశాను. "ముసలోళ్ళు పట్టుకునేదానికి గోడ ఎంబడి కడ్డీ ఏస్తారు కదా?" అన్నారు. పక్కకు మూడు చొప్పున ఆరంగుళాలు తీసేశాను. ఏడడుగుల రెండున్నర అంగుళాలు మిగిలింది. ఆమె కోప్పడలేదు. "రేపు ఆఫీసర్లు వచ్చి కడ్డీని లెక్కలోకి తీసుకుంటారో లేదో నాకు తెలీదు. మంచం మాత్రం తీసుకుంటాది" అన్నారు. ఇంజనీరు గారి గీతలో తప్పేమీ లేదు. ఆ ఎనిమిది అడుగులూ ఖాళీ వెడల్పు అని ఆయన ఒక మూల రాసే ఉన్నారు. దాన్ని ఇటుక కొలతగా చదవడం మా వైపు కాంట్రాక్టర్లందరికీ ఉన్న అలవాటు. ఇళ్ళకు, అంగళ్ళకు ఆ అలవాటుతో ఇబ్బంది రాలేదు కాబట్టి ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు.

ఆ వరండాలోనే కూర్చుని గోడ గుర్తులన్నీ మళ్ళీ వేశాను. ఇటుకల మధ్య ఎనిమిది అడుగుల పదంగుళాలు ఉంచితే, అన్నీ పోను ఎనిమిది అడుగులు చెక్కుచెదరకుండా నిలుస్తాయి. కారిడార్‌లోకి తెరుచుకునే తలుపులు కూడా ఆరోజే తిరగబడ్డాయి. "తలుపు తెరిస్తే మనిషి వస్తాడు, మంచి మాటే. ఆ తలుపు యాడికి వస్తాదో కూడా సూడాల కదా" అన్నారు. కొత్త కొలతలు చూసి రెడ్డప్ప తల పట్టుకున్నాడు. "ఇది ఆసుపత్రా, తేరు పోయే వీధా? గదుల్లో కోసి దారిలో పోస్తాండారు!" అన్నాడు. ఆమె ముందు మాత్రం "సరేమ్మా" అన్నాడు. రెడ్డప్ప మంచివాడే. ఖాళీ జాగా చూస్తే అతనికి ఎవరో భోంచేయకుండా లేచిపోయినట్టు బాధగా ఉండేది. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకూ అంతే.

గోడలు కిటికీల ఎత్తుకు వచ్చిన సమయంలో కుప్పం నుంచి మునిరత్నం గారి లారీ వచ్చింది. ఆయనకు కుప్పం దగ్గర గ్రానైటు పాలిష్ షెడ్డు ఉంది. ట్రస్టులో సభ్యుడు. తక్కువ మాట్లాడే మనిషి. కొన్నేళ్ళ కిందట ఆయన భార్య పద్మావతమ్మ దూర ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషనుకు పోయి తిరిగి రాలేదు. లారీలో ఉన్నవి నల్లరాతి బల్లలు. అద్దంలా మెరిసే నునుపు. ప్రతి బల్ల అంచునా ఆమె పేరు, పేరు కింద జ్ఞాపకార్థం అన్న మాట చెక్కించాడు. కారిడార్‌కు రెండు వైపులా, ఈ కొస నుంచి ఆ కొస దాకా సరిపడేన్ని చేయించాడు. గోడలు పూర్తయ్యేదాకా కూడా ఆయన ఆగలేకపోయాడు.

సలోమమ్మ గారు ఒక బల్ల మీద అరచేయి పెట్టి నిమిరి, "ఎంత బాగా చేయించినారప్పా" అన్నారు. తర్వాత, "ఇవి కారిడార్‌లో వద్దు" అన్నారు.

మునిరత్నం గారు లారీ పక్కనుంచి ముందుకు వచ్చాడు. "సిస్టరమ్మా, ఇది నా పేరు కోసరం కాదు. ఆమె లోపల ఉంటే నేను గోడకానుకొని నిలబడే ఉండాను. ఉండే బెంచీలన్నీ నిండిపోయుండాయి. కూసునేదానికి చారెడు జాగా ల్యా. కాళ్ళు వాచిపోయినాయి. ఆ పొద్దే అనుకున్నా, నా చేతనైతే ఒక ఆసుపత్రిలో ఎవురూ నిలబడకుండా చేస్తానని. మీరు వద్దంటే లారీ తిప్పుకొని పోతా. మళ్ళ నన్ను పిలవద్దండి, అంతే" అన్నాడు.

అందులో బెదిరింపు లేదు. అది అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆ బల్లలు వెనక్కి కుప్పం పోతే ఆయన ఈ ఆసుపత్రి వైపు రాడు. కోపంతో కాదు, చూడలేక. బల్లలు కారిడార్‌లో పడితే సలోమమ్మ గారు ఉండరు. ఆమె కూడా మాట మార్చే మనిషి కాదు. రెడ్డప్ప నా వైపు చూసి, "లెక్క ఏసి సెప్పు చలపతీ, మంచం పోతాదా పోదా? పోతే అయిపాయ కదా" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను అక్కడే నిలబడి మనసులో లెక్క వేశాను. కడ్డీల మధ్య తొంభై ఆరంగుళాలు. బల్ల కడ్డీ దాటి పదిహేను అంగుళాలు ముందుకు వస్తుంది. బల్ల మీద కూర్చున్న మనిషి మోకాళ్ళు ఇంకో పద్నాలుగు అంగుళాలు వస్తాయి. రెండు వైపులా కలిపి యాభై ఎనిమిది పోతే ముప్పై ఎనిమిది. చక్రాల మంచం వెడల్పు ముప్పై ఆరు.

"పోతాదమ్మా. రెండంగుళాలు మిగులుతాది" అన్నాను.

"సూస్తిరా!" అన్నాడు రెడ్డప్ప.

మునిరత్నం గారి ముఖంలో వెలుగు కనిపించింది. సలోమమ్మ గారు మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయారు. లెక్క తప్పని ఆమె అనలేదు. "లెక్క సరే. రేపు మీరందరూ మదనపల్లెకు రాండి. ఆడ మాట్లాడుకుందాం" అన్నారు. లారీని అక్కడే ఉంచమని మునిరత్నం గారికి చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయారు.

మరుసటి రోజు ఆమె మమ్మల్ని పిలిచింది ఇంటికి కాదు, టమాటా మార్కెట్ యార్డుకు. ట్రస్టు సభ్యుల్లో ఒకాయనకు అక్కడ మండీ ఉంది. వేలం పాటలు అయిపోయి, లారీలు కదిలిపోయి, యార్డు నేల కడిగిన తడి ఇంకా ఆరని వేళ అది. తగరపు కప్పు కింద చితికిన టమాటాల పులుపు వాసన. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు కొండల్లా పేర్చి ఉన్నాయి. సలోమమ్మ గారు హమాలీల చేత ఆ క్రేట్లను రెండు వరసలుగా ఛాతీ ఎత్తు దాకా గోడల్లా పేర్పిస్తున్నారు. మధ్యలో ఎనిమిది అడుగులు. నన్ను చూడగానే, "నీ టేపు పెట్టి సూడప్పా, తక్కువ ఉంటే చెప్పు" అన్నారు. టేపును ఆమె నమ్మకపోయినా, దాని పని దాన్ని చేయనిచ్చేవారు.

"ఏందమ్మా, పెండ్లి పందిరా?" అని అడిగాడు ఒక హమాలీ.

"పెండ్లే నాయనా. నువ్వు మొగపెండ్లోళ్ళ పక్క. అట్ల నిలబడు" అన్నారామె.

టెంపోలో ఒక పాత చక్రాల మంచం వచ్చింది. ఆమె పనిచేసిన ఆసుపత్రిలో మూలపడి ఉన్నదాన్ని అడిగి తెప్పించారు. ఒక చక్రం కీచుమనేది. దాని మీద నన్ను పడుకోమన్నారు. మొహమాటపడుతుంటే, "బతికుండేటోళ్ళకే పడక ఇస్తాం లేప్పా, పడుకో" అన్నారు. హమాలీలు విరగబడి నవ్వారు. నేను పడుకున్నాక మునిరత్నం గారిని పిలిచారు.

"మీరు ఈయన చెయ్యి పట్టుకోండి. ఆ కొసన ఆపరేషన్ రూము అనుకోండి. ఆడికి పోయే దాకా వదలద్దు."

"ఈయన చెయ్యా?" అన్నాడు ఆయన సిగ్గుపడుతూ. "మొగుడూ పెండ్లాం మాదిరి ఉండారన్నా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. వాళ్ళకు ఆయన సంగతి తెలియదు. ఆయన కూడా చిన్నగా నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. రాతిపొడి తాకి తాకి మొరటుబారిన అరచేయి అది.

మొదట బల్లలు లేకుండా తోశారు. ఒక హమాలీ చేత ఎదురుగా తోపుడు బండిని రెండో మంచం అనుకుని రమ్మన్నారు. రెండూ పక్కపక్కనే ఒకదాన్నొకటి దాటాయి. ఆ దాటే క్షణంలో మునిరత్నం గారు కొంచెం ఒదిగి నడిచాడు గానీ చెయ్యి మాత్రం వదల్లేదు. వెనక్కి తీసుకొచ్చి, ఈసారి క్రేటు గోడల ముందు రెండు వైపులా ఒక్కో వరస క్రేట్లు బల్లల్లా పెట్టించి, హమాలీలను కూర్చోబెట్టారు. "మీరంతా పేషెంటు బంధువులు. ఎట్ల కూసుంటారో అట్లనే కూసోండి" అన్నారు. ఒకడు కాళ్ళు చాపాడు. ఒకడు మోకాళ్ళ మీద తువ్వాలు వేసుకుని నిజంగానే ఏడుపు ముఖం పెట్టాడు. "ఒరే, పోయింది మీ అత్త అనుకుంటివా? అట్లయితే నవ్వు రాదా నీకు?" అన్నాడు పక్కవాడు. సలోమమ్మ గారు మంచం తల వైపు పట్టుకుని తోశారు.

పైన తగరపు కప్పు వెనక్కి జారిపోతోంది. ఇరుపక్కలా మోకాళ్ళు. నా లెక్క సరైనదే, మంచం పోతోంది. ఒక మోకాలికి మంచం కడ్డీ రాసుకుంది గానీ పోతోంది. నా చేతిలో మొదట ఆయన అరచేయి ఉంది. తర్వాత వేళ్ళు. తర్వాత వేళ్ళ కొనలు. తర్వాత ఏమీ లేదు. మంచం ముందుకు వెళ్ళిపోయింది. ఆ కొసన ఆపాక నేను లేచి కూర్చుని చూశాను. మునిరత్నం గారు ఎక్కడ చెయ్యి జారిందో అక్కడే, మోకాళ్ళ వరస మొదట్లో, చాచిన చెయ్యి దించకుండా నిలబడి ఉన్నాడు.

"రాండప్పా" అని పిలిచారు సలోమమ్మ గారు.

ఆయన రాలేదు. హమాలీల నవ్వు ఆగిపోయింది. ఉన్నచోటు నుంచే, "ఈడే సిస్టరమ్మా" అన్నాడు. "ఆ పొద్దు గూడా ఇట్లనే. బెంచీలు నిండా జనం. ఆమె నా చెయ్యి పట్టుకొని ఉండాది. వాళ్ళు బిరబిర తోసుకొని పోతాండారు. ఈడికి వచ్చేటప్పటికి చెయ్యి జారిపోయినాది. నేను మళ్ళ అందుకునే లోపల తలుపు మూసేసినారు. నేనే ఎనకబడిపోయినా అనుకుంటాండా ఇన్నేండ్లుగా. గెట్టిగా పట్టుకోకపోతినే అనుకుంటాండా."

సలోమమ్మ గారు మంచం వదిలి ఆయన దగ్గరికి నడిచారు. ఎప్పుడూ లేనిది, నెమ్మదిగా నడిచారు. "మీరు వదల్లేదప్పా. ఆడ జాగా లేదు. మంచం పక్కన ఇంకో మనిషికి జాగా ఉంచకుండా కట్టినారు. అంతే" అన్నారు. ఆయన తలూపి, యార్డు గోడ వైపు తిరిగి చాలాసేపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇందాక ఏడుపు ముఖం పెట్టిన హమాలీ వెళ్ళి ఆయనకు నీళ్ళ సీసా ఇచ్చాడు. నేను మంచం మీద అట్లాగే కూర్చుని ఉన్నాను. ముప్పై ఎనిమిదిలో ముప్పై ఆరు పోతే రెండు మిగులుతుందని నిన్న సంతోషంగా చెప్పినవాణ్ణి నేనే. ఆ రెండంగుళాల్లో ఎవరూ నడవలేరన్న సంగతి ఆ లెక్కలో లేదు. కోడ్‌లో రాసిన రెండు పాయింట్ నాలుగును అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. ఎవరో ఎక్కడో కూర్చుని పెట్టిన అంకె అనుకునేవాణ్ణి. ఆ అంకెను పెట్టినవాళ్ళు మొదట మంచాలనే లెక్కించి ఉండవచ్చు. మా వైపు మాత్రం మంచం ఒంటరిగా పోదు. దాని వెంట భార్యో, కొడుకో, అన్నం తెచ్చిన పక్కింటావిడో తప్పకుండా నడుస్తారు.

"బల్లలు తీసుకుపోతా సిస్టరమ్మా" అన్నాడు మునిరత్నం గారు, కాస్త తేరుకుని.

"ఎవురు తీసుకుపొమ్మనిరి?" అన్నారామె. "నేను సర్వీసంతా కారిడార్లో కూసున్నోళ్ళను లేపినదాన్ని. లేవండి, దారి ఇడవండి అని అరిసినదాన్ని. వాళ్ళు లేచి యాడికి పోవాలనో నేను ఒక్కనాడన్నా సెప్పలేదు. మీరు చేయించినవి కావల్సినవే. చలపతప్పా, దిగు మంచం. కూసునేదానికి జాగా యాడ తీస్తావో తియ్యి. నా ఎనిమిది అడుగులు మాత్రం ముట్టుకోవద్దు."

ఆ రాత్రికి కాదు, ఆ వారానికి దొరికింది దారి. ఆపరేషన్ గదికి ఎదురుగా ఒక స్టోరు, ఒక రికార్డుల గది ఉన్నాయి. ఆ రెండింటికీ అప్పటిదాకా లేచిన ముందు గోడలు తీసేసి, కారిడార్‌కు పక్కన తెరిచిన సావడిలా వదిలేస్తే, బల్లలు వెనక్కి, మోకాళ్ళతో సహా, కారిడార్ గీత దాటకుండా సర్దుకుంటాయి. మిగిలిన బల్లలకు బయట వరండా సరిపోతుంది. స్టోరు మేడ మెట్ల కిందికి పోయింది. డాక్టర్లు కొంచెం గొణిగారు. ఇంజనీరు గారు నా గీత చూసి, నవ్వి, దాన్ని శుభ్రంగా గీసి సంతకం పెట్టారు. రెడ్డప్ప, "బల్లల కోసరం గదులు తీసేసిన మొగోణ్ణి నిన్నే సూసినా" అన్నాడు. అయినా ఆ సావడి నేల చదును చేయించేటప్పుడు తనే దగ్గరుండి, బల్ల కాళ్ళు ఊగకుండా చూసుకున్నాడు.

అగ్నిమాపక శాఖవాళ్ళు వచ్చి కొలిచిన రోజు సలోమమ్మ గారు కారిడార్‌లో లేరు. సావడిలో పద్మావతమ్మ పేరున్న బల్ల మీద కూర్చుని నర్సు పిల్లలకు పడక దుప్పటి మూలలు ఎలా మడవాలో చూపిస్తున్నారు. "సరిపోయిందమ్మా" అని నేను పరుగెత్తుకుంటూ వచ్చి చెబితే, "సరిపోకుండా యాడికి పోతాది" అన్నారు.

ఆసుపత్రి నడవడం మొదలయ్యాక కూడా ఆమె పని అయిపోలేదు. ఖాళీ జాగా కనబడితే మనవాళ్ళ చెయ్యి ఊరుకోదని ఆమెకు తెలుసు. తరచూ బస్సులో పుంగనూరు వచ్చి కారిడార్ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవారు. ఒకసారి నీళ్ళ డ్రమ్ము, ఒకసారి విరిగిన వీల్‌చెయిర్లు, ఒకసారి కడ్డీల మీద ఆరేసిన చీరలు ఆమెకు ఎదురయ్యేవి. తిట్టేవారు కాదు. ఆ వస్తువు పక్కన చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎవరో ఒకరు వచ్చి దాన్ని తీసేదాకా కదిలేవారు కాదు. మొదటి క్రిస్మసుకు నర్సు పిల్లలు కారిడార్ మధ్యలో ఎంతో ముచ్చటగా పశువుల పాక కట్టి, గడ్డి పరిచి, బాలయేసును పడుకోబెట్టారు. ఆమె దాన్ని చూసి, "ఎంత బాగుండాదో" అని, ఒక్కొక్క బొమ్మనూ తనే స్వయంగా ఎత్తి సావడిలోకి మార్చారు. ఆ తర్వాత వినాయక చవితికి పందిరి ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరూ నోరెత్తకుండా సావడిలోనే వేశారు. "యేసుప్రభువే జరిగినాడంట, మనమెంత" అన్నాడు వాచ్‌మన్.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది కొలతలు కాదు. కొలతలు నాకు అంతకుముందే వచ్చు. ప్రతి కొలత చివరా ఎవరు నిలబడి ఉంటారో అడగడం నేర్చుకున్నాను. ర్యాంపు వాలు చూసినప్పుడు, దాని మీద అమ్మను తోసుకుంటూ ఎక్కే సన్నటి కూతుర్ని తలుచుకుంటాను. తలుపు వెడల్పు చూసినప్పుడు సెలైను సీసా ఎత్తి పట్టుకున్న తమ్ముడి మోచేతిని కలుపుకుంటాను. ఇది నాకు ఎవరైనా పుస్తకంలో చూపించి ఉంటే తలకెక్కేది కాదు. ఒక మనిషి చెయ్యి నా చేతిలోంచి జారిపోవడం తెలిసింది కాబట్టి ఎక్కింది. సలోమమ్మ గారు పోయి కొన్నేళ్ళయింది. మదనపల్లెలో సమాధుల తోటకు వెళ్ళినప్పుడు మునిరత్నం గారు, నేను పక్కపక్కనే నడిచాం. సమాధి రాయి తనే ఇస్తానని ఆయన సలోమమ్మ గారి తమ్ముడితో చెప్పాడు. నల్లరాయి, పలచనిది, దారిలోకి రానిది.

ఇప్పుడు రెడ్డప్ప లేడు, నేనే సొంతంగా ఎస్టిమేట్లు వేస్తున్నాను. అన్నిటికన్నా పైన, ఇటుక, సిమెంటు, కమ్మి కన్నా ముందు, మొదటి వరసలో 'ఖాళీ' అని రాస్తాను. దాని ఎదురుగా పొడవు, వెడల్పు ఉంటాయి. రేటు గడి మాత్రం ఖాళీగా వదిలేస్తాను. చాలామంది దాన్ని అచ్చుతప్పు అనుకుని దాటిపోతారు. కొందరు కొట్టేయమంటారు. నేను కొట్టేయను.

ఈ మధ్య కుప్పంలో ఒక చిన్న నర్సింగ్ హోముకు లెక్క వేయాల్సి వచ్చింది. కట్టిస్తున్నది మునిరత్నం గారి కొడుకు హరీశు, డాక్టరైన తన స్నేహితుడితో కలిసి. తండ్రికి ఇప్పుడు వయసు మీదపడి ఇంటి పట్టునే ఉంటాడు. నేను పంపిన ఎస్టిమేటు చూసి హరీశు వెంటనే ఫోను చేశాడు.

"ఏందన్నా ఇది, మొదటి లైన్లో కొలతలుండాయి, రేటు ల్యా? టైపు చేసేటోడు మరిసిపోయినాడా?"

"మరిసిపోలేదప్పా. మీ నాయన్ను అడుగు" అన్నాను.

మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను వచ్చింది. వెనక ఎక్కడో రాయి కోసే యంత్రం శబ్దం వినబడుతోంది.

"అడిగినానన్నా" అన్నాడు. "కాగితం కండ్ల దగ్గర పెట్టుకొని సూసినాడు. అది అమ్మ పక్కన నడిసే జాగారా, దానికి రేటు అడగొద్దు అన్నాడు."